రాజయక్ష్మ నుండి రాచపుండు దాకా: ఔషధ నిరోధకత భావన చరిత్ర

వ్యాససంగ్రహం

చర్మక్యాన్సర్లలో మిక్కిలి ప్రమాదకరమైన మెలనోమాకు 2011లో లక్ష్యచికిత్స అందుబాటులోకి వచ్చింది. వారాల వ్యవధిలో కరిగిపోయిన కణితులు నెలల వ్యవధిలో తిరిగి తలెత్తాయి. ఈ పునరాగమనాన్ని వివరించే ‘ఔషధ నిరోధకత’ అనే భావన క్యాన్సర్ వైద్యంలో పుట్టినది కాదు. క్షయచికిత్స అనుభవం దానికి ఒక మూలం. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల నుండి వచ్చిన రక్తక్యాన్సర్ మందు మరొక మూలం. ఈ భావన నడిచివచ్చిన దారిని, దాని చుట్టూ తెలుగులో ఏర్పడిన మాటలు రోగిపై మోపే భారాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఔషధ నిరోధకత, మెలనోమా, లక్ష్యచికిత్స, క్షయ, ఆరోగ్యవరం, యల్లాప్రగడ సుబ్బారావు, మదనపల్లె, తిరుపతి

1. ఉపోద్ఘాతం

పనిచేస్తూ వచ్చిన మందు పనిచేయడం మానితే తెలుగునాట వినిపించే మాట ఒకటే: ‘ఒంటికి మందు అలవాటైపోయింది.’ ఈ మాటలో కర్త రోగి శరీరం. మందుకు అలవాటు పడినది ఒళ్ళు. కనుక తప్పు ఎక్కడో ఒంటిలోనే ఉన్నది. పథ్యం చెడింది, వేళ తప్పింది, మధ్యలో మానేశారు అనే అనుమానాలన్నీ ఈ వాక్యం వెనుక వరుసగా నిలబడతాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఇళ్ళలోనూ ఈ మాట సామాన్యమే.

శాస్త్రవ్యవహారంలో ఇదే స్థితికి వాడే మాట ‘ఔషధ నిరోధకత’. ఇక్కడ మరొక చిక్కు ఉంది. తెలుగులో ‘వ్యాధినిరోధక శక్తి’ అంటే శరీరం వ్యాధిని ఎదిరించే బలం. అది పెరగాలని కోరుకుంటాం. ‘ఔషధ నిరోధకత’ అంటే వ్యాధి మందును ఎదిరించే బలం. అది పెరగకూడదని కోరుకుంటాం. ఒకే ధాతువు నుండి వచ్చిన పదం ఒకచోట రక్షకుడికీ మరొకచోట శత్రువుకూ విశేషణమైంది. వైద్యుడు ‘నిరోధకత వచ్చింది’ అన్నప్పుడు రోగి బంధువులు అది మంచి వార్త అని పొరబడే అవకాశం కూడా లేకపోలేదు.

ఎదిరిస్తున్నది ఎవరు? శరీరమా, వ్యాధికారకమా? ఆ ఎదిరింపు మందు వచ్చిన తరువాత నేర్చినదా, ముందే ఉన్నదా? వైద్యచరిత్రలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి దశాబ్దాలు పట్టింది. ఆ అన్వేషణలోని ముఖ్యఘట్టాలు కొన్ని తెలుగుసీమతో ముడిపడి ఉన్నాయి.

2. రెండు రాజరోగాలు

ఆయుర్వేదం క్షయను ‘రాజయక్ష్మ’ అన్నది. చంద్రుడికి దక్షుని శాపం వల్ల సోకిన వ్యాధిగా పురాణాలు దానిని వర్ణించాయి. తెలుగు వ్యవహారంలో క్యాన్సర్‌కు ‘రాచపుండు’ అనే పేరు స్థిరపడింది. ఒకటి సంస్కృతపదం, మరొకటి తెలుగుపదం. రెండింటిలోనూ తొలిమాట రాజును తలపిస్తుంది. సాధారణ వైద్యానికి లొంగని తీవ్రతను ఈ పేర్లు సూచించాయని భావించవచ్చు. ‘లొంగకపోవడం’ అనే లక్షణం ఆధునిక శాస్త్రం వివరించకముందే పేరులో చేరింది.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. మదనపల్లె కడప జిల్లాలోది. కొత్త జిల్లా ఏర్పడిన కొద్దికాలానికే మదనపల్లె సమీపంలో, వివిధ క్రైస్తవ మిషన్ల ఉమ్మడి ప్రయత్నంగా క్షయరోగుల శానిటోరియం వెలిసింది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సారథి. 1915 నుండి ఆ ప్రదేశం ‘ఆరోగ్యవరం’ అనే పేరుతో దక్షిణభారతమంతటా ప్రసిద్ధి పొందింది. ఎత్తైన పీఠభూమి, పొడిగాలి, మితమైన వేడి అక్కడి బలాలు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి నాటి ప్రధాన చికిత్సలు. ఊపిరితిత్తిని తాత్కాలికంగా ముడిచి దానికి విశ్రాంతి ఇచ్చే పద్ధతులు తరువాత వాటికి తోడైనాయి.

ఈ చికిత్సలన్నింటిలో గమనించవలసిన అంశం ఒకటుంది. వాటిలో ఏదీ క్షయక్రిమిని నేరుగా కొట్టదు. శరీరాన్ని బలపరచి పోరాటాన్ని శరీరానికే వదిలేస్తుంది. అందువల్ల శానిటోరియం యుగంలో ‘నిరోధకత’ అంటే శరీర నిరోధకతే. వ్యాధికారకం ఎదురుతిరగడమనే ప్రశ్న తలెత్తడానికి ముందుగా దానిని సూటిగా కొట్టే మందు రావాలి.

3. 1948: నాలుగు సంఘటనలు

ఔషధ నిరోధకత చరిత్రలో 1948 ఒక కూడలి వంటిది. ఆ ఏడాది జరిగిన నాలుగు సంఘటనలను ఒకచోట చేర్చి చూస్తే తరువాతి అర్ధశతాబ్ది నడక స్పష్టమవుతుంది.

మొదటిది స్ట్రెప్టోమైసిన్ పరీక్ష. 1943లో కనుగొన్న ఈ మందును బ్రిటన్ వైద్యపరిశోధన మండలి క్షయరోగులపై పరీక్షించి 1948 అక్టోబరులో ఫలితాలు ప్రకటించింది. ఆరునెలల్లో మందు పొందిన 55 మందిలో 4గురు, కేవలం విశ్రాంతి చికిత్స పొందిన 52 మందిలో 14గురు మరణించారు. మందు గెలిచిందనిపించింది. అయితే అయిదేళ్ళ తరువాత లెక్క చూస్తే మరణాలు వరుసగా 32, 35. తొలి ఆధిక్యం దాదాపు కరిగిపోయింది. చాలామంది రోగుల్లో మందుకు లొంగని క్షయక్రిములు పెరగడమే అందుకు ముఖ్యకారణం.

రెండవది రక్తక్యాన్సర్ చికిత్స. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తీవ్ర రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఎమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని ప్రకటించాడు. మందులతో అటువంటి ఉపశమనం అంతకుముందు ఎరుగనిది. కాని ఆ నివేదిక శీర్షికలోనే ‘తాత్కాలిక’ అనే విశేషణం ఉంది. పిల్లల్లో వ్యాధి తిరిగి వచ్చింది.

ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం తయారుచేసినది. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1922లో అమెరికా చేరాడు. సోదరుని బలిగొన్న, తనను కూడా బాధించిన స్ప్రూ అనే పోషకలోప వ్యాధి ఆయన దృష్టిని ఫోలిక్ ఆమ్లం వైపు మళ్ళించిన కారణాల్లో ఒకటిగా జీవితచరిత్రకారులు పేర్కొంటారు. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలిన, అయితే పనిచేయని నకిలీ అణువును అందిస్తే కణం మోసపోయి విభజన ఆగుతుంది. ఎమినోప్టెరిన్, దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్ అటువంటి నకిలీలు. కణంలోని ఒక నిర్దిష్టమైన ఎంజైమును అడ్డుకొనే ఈ మందులను నేటి లక్ష్యచికిత్సకు పూర్వరూపాలుగా పరిగణించవచ్చు.

మూడవది సుబ్బారావు మరణం. ఫార్బర్ నివేదిక వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. తన మందు చూపిన ప్రభావాన్ని చూశాడు. అది ఎందుకు నిలవలేదన్న ప్రశ్నను తరువాతివారికి వదిలివెళ్ళాడు.

నాలుగవది మదనపల్లెలోనే జరిగింది. భారతదేశంలో క్షయ నివారణకు బీసీజీ టీకాను 1948లో తొలుత ప్రయోగాత్మకంగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయ కోసం వచ్చిన ఈ టీకా తరువాత మెలనోమా చరిత్రలోకి అడుగుపెట్టింది. ఆ ప్రస్తావన ఏడవ భాగంలో వస్తుంది.

4. నేర్చినదా, ముందే ఉన్నదా?

మందు తరువాత బతికిన క్రిమి లేదా కణం ఎదిరింపును అప్పుడు నేర్చుకున్నదా? లేక పుట్టుకతోనే దానికి ఆ గుణం ఉన్నదా? 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ బాక్టీరియాపై చేసిన ప్రయోగం ఈ ప్రశ్నను గణితంగా మార్చింది. రాయలసీమ రైతుకు పరిచితమైన పోలికతో దానిని వివరించవచ్చు.

ఇరవై చిన్న మడులలో ఒకే రకం వేరుశనగ వేసి, కాపు నుండి విత్తనం తీసి మళ్ళీ వేస్తూ అనేక కార్లు గడిపారనుకుందాం. చివరి కారులో అన్ని మడులకూ ఒకేసారి తీవ్రమైన కరువు వచ్చింది. కరువును తట్టుకోవడం మొక్కలు కరువు వచ్చాకే నేర్చుకొని ఉంటే, ప్రతి మడిలోనూ దాదాపు సమానంగా కొన్ని మొక్కలు మిగలాలి. అట్లా కాక, కరువుకు ఎంతో ముందే ఏదో ఒక కారులో యాదృచ్ఛికంగా ఒక గింజలో మార్పు వచ్చి అది వంశంగా సాగి ఉంటే, లెక్క వేరుగా ఉంటుంది. తొలికార్లలోనే మార్పు వచ్చిన మడిలో మొక్కలు గుంపుగా మిగులుతాయి. చాలా మడులలో ఒకటీ మిగలదు. లూరియా, డెల్‌బ్రుక్ చూసినది ఈ రెండవ లెక్కనే. ఎదిరింపు ముందే ఉన్నది. విపత్తు దానిని పుట్టించలేదు, ఏరి చూపింది.

క్యాన్సర్ కణాలకూ ఇది వర్తిస్తుందా? సుబ్బారావు మందుల మీదనే ఆ పరీక్ష జరిగింది. 1950లో జోసెఫ్ బర్చినాల్ ఎలుకల రక్తక్యాన్సర్‌లో ఈ మందుకు నిరోధకత ఏర్పడుతుందని చూపాడు. 1952లో లాయిడ్ లా అదే తరహా గణనతో రక్తక్యాన్సర్ కణాలను పరీక్షించి, నిరోధక కణాలు మందు తగలకముందే యాదృచ్ఛికంగా ఏర్పడి ఉంటాయని నిర్ధారించాడు. ‘ఒంటికి మందు అలవాటైంది’ అన్న వాక్యానికి ఇది తొలి శాస్త్రీయ ఖండన. అలవాటు పడినది ఒళ్ళు కాదు. మారిన కణాలు మందు రాకముందే ఉన్నాయి. మందు మిగిలినవాటిని తొలగించి వాటికి చోటిచ్చింది.

1978లో రాబర్ట్ షిమ్కే బృందం మరొక అడుగు వేసింది. మెథోట్రెక్సేట్‌ను తట్టుకొన్న కణాలు, మందు అడ్డుకొనే ఎంజైముకు సంబంధించిన జన్యువును అనేక ప్రతులుగా పెంచుకొన్నాయి. మందు అణువుల కన్నా ఎంజైము అణువులు ఎక్కువైతే మందు చాలదు. కొన్ని కణాల్లో మందు ఆపితే ఈ అదనపు ప్రతులు క్రమంగా తరిగిపోవడం కూడా గమనించారు. ఎదిరింపు కణానికి ఉచితంగా దొరికేది కాదనీ, దానికి కణం మూల్యం చెల్లిస్తుందనీ దీనివల్ల తెలిసింది.

5. జంటమందుల సూత్రం

స్ట్రెప్టోమైసిన్ వైఫల్యం నుండి క్షయవైద్యం త్వరగానే పాఠం నేర్చింది. 1950లో బ్రిటన్ పరిశోధకులు స్ట్రెప్టోమైసిన్‌కు పాస్ అనే మరొక మందును జోడిస్తే నిరోధకత బాగా తగ్గుతుందని చూపారు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. దీనిలోని తర్కం సులభం. ఉదాహరణకు పదిలక్షల క్రిముల్లో ఒకటి మొదటి మందును, వేరొక పదిలక్షల్లో ఒకటి రెండవ మందును తట్టుకోగలదనుకొంటే, రెండింటినీ ఒకేసారి తట్టుకోగల క్రిమి లక్షకోట్లలో ఒకటి. మందులు ఒకదాని తరువాత ఒకటి ఇస్తే క్రిమికి రెండు సులభమైన మెట్లు. కలిపి ఇస్తే ఒకే ఎత్తైన గోడ.

మద్రాసులో 1956లో నెలకొన్న క్షయ రసాయనచికిత్సా కేంద్రం, ఇంటివద్దనే మందులు వాడినా శానిటోరియంతో సమానమైన ఫలితం వస్తుందని 1959లో నిరూపించింది. ఆరోగ్యవరం వంటి సంస్థల పాత్రను ఇది మార్చివేసింది. కొండగాలి కన్నా మందుల క్రమం ముఖ్యమైంది. ఈ మార్పుకు ముందే ఆరోగ్యవరం పల్లెల వైపు కదిలింది. జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో 1950 నుండి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల్లో సాగిన సామూహిక క్షయ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది.

జంటమందుల సూత్రం క్యాన్సర్‌కు చేరినది 1960లలో. జేమ్స్ హాలండ్, ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ క్షయచికిత్సను ఆదర్శంగా తీసుకొని, వేర్వేరు రీతుల్లో పనిచేసే మందులను ఒకేసారి ఇచ్చే పద్ధతిని పిల్లల రక్తక్యాన్సర్‌కు అన్వయించారు. నాలుగు మందుల తొలి కూర్పులో సుబ్బారావు వారసత్వమైన మెథోట్రెక్సేట్ ఒకటి. ఫార్బర్ శీర్షికలోని ‘తాత్కాలిక’ అన్న విశేషణం ఆ విధంగా మెల్లగా చెరిగిపోసాగింది.

6. మెలనోమా: లక్ష్యం, తప్పించుకొనడం

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు క్యాన్సర్‌గా మారితే అది మెలనోమా. 2002లో బ్రిటన్ పరిశోధకులు మెలనోమాలలో అధికభాగంలో ‘బీరాఫ్’ అనే జన్యువులో మార్పు ఉందని ప్రకటించారు. చర్మపు మెలనోమాలలో సుమారు సగంలో ఈ మార్పు కనిపిస్తుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో 600వ స్థానంలోని వాలీన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరడం అందులో ప్రధానమైనది. ఒక్క అక్షరం మారినందుకు ‘విభజించు’ అనే ఆజ్ఞ ఆగకుండా వెలువడుతూ ఉంటుంది. ఈ ఆజ్ఞ రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల గొలుసు ద్వారా కణకేంద్రకానికి చేరుతుంది.

మారిన బీరాఫ్‌ను మాత్రమే అడ్డుకొనేందుకు తయారైన వెమురాఫెనిబ్‌ను 2011 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. పాత మందుకు 5 శాతం మంది రోగుల్లో కణితులు తగ్గగా, కొత్త మందుకు 48 శాతంలో తగ్గాయి. అయితే వ్యాధి మళ్ళీ పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 5.3 నెలలు మాత్రమే.

ఎందుకు తిరిగి వచ్చింది? 2001లో ఆమోదం పొందిన ఇమాటినిబ్ అనుభవం పరిశోధకుల ముందు ఉంది. అక్కడ రక్తక్యాన్సర్ కణాలు మందు అతుక్కొనే చోటునే మార్చుకొన్నాయి. తాళంచెవి పట్టకుండా తాళాన్ని మార్చినట్లు. మెలనోమాలోనూ అదే కనిపిస్తుందని భావించారు. కాని 2010 చివరలో వెలువడిన రెండు అధ్యయనాలు వేరొక కథ చెప్పాయి. తాళం మారలేదు, కణం పక్కదారులు తొక్కింది. కొన్ని కణితుల్లో గొలుసులో పైనున్న ఎన్‌రాస్ జన్యువు మారి ఆజ్ఞను మరొక రాఫ్ ద్వారా పంపింది. కొన్నింటిలో కణం పైపొరపై పెరుగుదల సంకేతాలను అందుకొనే గ్రాహకాలు పెరిగాయి. మరికొన్నింటిలో ‘కాట్’ అనే ప్రోటీను బీరాఫ్‌ను దాటవేసి కింది మెట్టును నేరుగా తట్టిలేపింది. 2011లో బీరాఫ్ ప్రోటీనే కురచ రూపంలో తయారై, జంటలుగా కూడి మందును తట్టుకొనడం బయటపడింది. కొన్ని కణితుల్లో బీరాఫ్ జన్యుప్రతులు పెరిగాయి. షిమ్కే 1978లో చూసిన ఉపాయమే ఇది. 2012లో మరొక సంగతి తెలిసింది: కణితి చుట్టూ ఉండే మామూలు కణాలు స్రవించే ఒక పెరుగుదల కారకం కూడా క్యాన్సర్ కణానికి అండగా నిలవగలదు. ఎదిరింపు కణం ఒంటరి గుణం కాదు, ఇరుగుపొరుగుది కూడా.

మందు మరొక వింతను చూపింది. బీరాఫ్ మారని, రాస్ మారిన మామూలు చర్మకణాల్లో అదే మందు గొలుసును ఆపక మరింత రగిలించింది. ఫలితంగా కొందరు రోగుల్లో వేరొక రకపు చర్మక్యాన్సర్ మొలిచింది. గొలుసులో కింద ఉన్న మెక్‌ను కూడా అడ్డుకొనే రెండవ మందును జోడిస్తే ఈ ఇబ్బంది తగ్గింది, నిరోధకత ఆలస్యమైంది. 2014లో డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు ఆమోదం లభించింది. ఈ జంటతో చికిత్స ఆరంభించినవారిలో అయిదేళ్ళకు 34 శాతం మంది జీవించి ఉన్నారని 2019లో ప్రకటించారు. వ్యాధి ముదరకుండా ఉన్నవారు 19 శాతం. క్షయలో వలె ఇక్కడ గోడ పూర్తిగా ఎత్తుగా లేదు. కారణం ఉన్నది: రెండు మందులూ ఒకే గొలుసు మీది రెండు కడియాలను పట్టుకొంటాయి. గొలుసు పూర్తిగా తెగకపోతే, రెండింటినీ ఒకే పక్కదారి తప్పించగలదు.

7. ‘అలవాటు’ అన్న మాటకు మరొక అర్థం

లూరియా, డెల్‌బ్రుక్ లెక్క తుదిమాట అనిపించినా, 2017లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్జున్ రాజ్ బృందం మెలనోమా కణాలపై అదే లెక్కను మళ్ళీ వేసి వేరొక ఫలితం చూసింది. మడుల మధ్య వారసత్వపు మార్పు వల్ల రావలసినంత తేడా రాలేదు. నిశితంగా చూడగా, మందు తగలకముందే వేలల్లో ఒకటి అన్నంత అరుదుగా కొన్ని కణాల్లో నిరోధకతకు చెందిన జన్యువులు చురుకుగా ఉన్నాయి. అయితే అది శాశ్వతస్థితి కాదు. కణం ఆ స్థితిలోకి వస్తూ, పోతూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్నవేళ మందు తగిలితే కణం చావదు. ఆపైన మందు సమక్షంలో ఆ తాత్కాలిక స్థితే క్రమంగా స్థిరపడుతుంది. జన్యువులో అక్షరం మారకుండానే కణం స్వభావం మారుతుంది.

ఇటువంటి తట్టుకొని నిలిచే కణాల ఊహకూ క్రిమిశాస్త్రమే పూర్వికం. 1944లో జోసెఫ్ బిగ్గర్ పెన్సిలిన్‌కు చావక మిగిలే కొద్దిపాటి క్రిములను గుర్తించి, అవి మారిన జాతి కాదని, నిద్రాణస్థితిలో ఉన్నవని ప్రతిపాదించాడు. క్షయకు నెలల తరబడి మందు వాడవలసి రావడానికి ఇటువంటి నిలకడ క్రిములే ఒక ముఖ్యకారణం.

కాబట్టి ‘అలవాటు’ అనే జనవ్యవహారం పూర్తిగా అసత్యం కాదు. దాని కర్త మాత్రం మారాలి. అలవాటు పడేది రోగి ఒళ్ళు కాదు, మిగిలిన కణం. 

కణానికి మందు అలవాటైతే, మందును మధ్యమధ్య ఆపి ఆ అలవాటును దెబ్బకొట్టవచ్చు కదా? 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధన ఆశ కలిగించింది. నిరోధక కణితులు మందు మీదనే ఆధారపడినాయి, విరామమిస్తే కుంచించాయి. మనుషుల్లో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఆపకుండా వాడినవారిలో వ్యాధి ముదరని మధ్యస్థ కాలం 9 నెలలు. విరామాలతో వాడినవారిలో 5.5 నెలలు. ఎలుకలో నిలిచిన తర్కం మనిషిలో నిలవలేదు.

ఇంతలో మరొక మార్గం బలపడింది. 1970 ప్రాంతంలో అమెరికా శస్త్రవైద్యుడు డొనాల్డ్ మార్టన్ బృందం మెలనోమా బొడిపెలలోకి బీసీజీ టీకాను ఎక్కించింది. ఎక్కించిన బొడిపెలు చాలావరకు కరిగాయి. కొందరిలో ఎక్కించనివి కూడా తగ్గాయి. మదనపల్లె పిల్లల భుజాన పడిన టీకా మెలనోమాపై శరీరాన్ని ఉసిగొల్పింది. వ్యాధి తిరిగిరాకుండా చేయడంలో తరువాతి విస్తృత పరీక్షల్లో అది నిలబడకపోయినా, రోగి సొంత నిరోధకశక్తిని ఆయుధంగా వాడవచ్చుననే ఆలోచన నిలిచింది. 2011 నుండి వచ్చిన కొత్త ఇమ్యూనోథెరపీ మందులు దానికి సార్థకత చేకూర్చాయి. బీరాఫ్ మార్పు ఉన్న రోగులకు ముందుగా ఇమ్యూనోథెరపీ జంట ఇచ్చి, అవసరమైతే తరువాత లక్ష్యచికిత్స ఇచ్చిన వరుసలో రెండేళ్ళకు సుమారు 72 శాతం, ఎదురువరుసలో సుమారు 52 శాతం మంది జీవించి ఉన్నారని 2021లో వెల్లడైంది. మందులు అవే, వరుస మారితే ఆయుష్షు మారింది.

8. తిరుపతి, చిత్తూరు: అరికాలి మచ్చ

భారతీయుల్లో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు అరిచేయి, అరికాలు, గోటికింద చర్మం, నోరు వంటి శ్లేష్మపొరల మీద రావడం ఎక్కువ. ఈ రకాల్లో బీరాఫ్ మార్పు తక్కువ. కొన్నింటిలో కిట్ అనే వేరొక జన్యువు మారి ఉంటుంది. తెల్లజాతుల రోగులపై రూపొందిన లక్ష్యచికిత్స ఇక్కడి రోగుల్లో చాలామందికి మొదటినుండే గురితప్పుతుంది. దీనిని నిరోధకత అనడం కూడా సరికాదు. తాళం వేరైనప్పుడు చెవిని తప్పుపట్టలేము.

అరికాలు ఎవరూ పరీక్షగా చూసుకోని చోటు. అక్కడి నల్లమచ్చను పుట్టుమచ్చ అనో, ఆనెకాయ అనో, ముల్లు విరిగిన గాయమనో, మధుమేహపు పుండు అనో భావించడం సహజం. ఆకారం సమంగా లేక, అంచులు చెదిరి, రంగులు కలిసి, పెరుగుతూ ఉండే మచ్చను వైద్యుడికి చూపడం ఏ మందు కన్నా ముందుగా చేయవలసిన పని. లోతుకు దిగకముందే కోసి తీసిన మెలనోమాకు నిరోధకత అనే ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఈ ప్రాంతపు రోగి ఒకప్పుడు దూరపు నగరాలకో, పొరుగునున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకో వెళ్ళేవాడు. తిరుపతిలో 1993లో సేవలు ఆరంభించిన శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ, టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022 మేలో ప్రారంభమైన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ వైద్యసంస్థ ఆ దూరాన్ని తగ్గించాయి. దూరం తగ్గినా భాష మిగిలే ఉన్నది. ‘నిరోధకత వచ్చింది’ అనే మాటను రోగి ఎట్లా అర్థం చేసుకొంటాడన్నది చికిత్సలో భాగమే.

ఇక్కడ క్షయకూ క్యాన్సర్‌కూ గల భేదం కీలకం. క్షయమందులు మధ్యలో మానితే నిరోధకత పెరుగుతుంది. ఆ హెచ్చరిక న్యాయమైనది. దశాబ్దాలుగా ఊరూరా ప్రచారమైనది. మెలనోమాలో ఒక్కపూట తప్పకుండా మందు వేసుకొన్నవారిలోనూ నిరోధకత వస్తుంది. క్షయ నుండి సంక్రమించిన నీతిపాఠాన్ని క్యాన్సర్ రోగికి అన్వయించి, ‘సరిగా వాడి ఉండరు’ అని శంకించడం చేయని తప్పుకు శిక్ష వేయడమే. మరొక భేదం కూడా ఉంది. మందుకు లొంగని క్షయక్రిమి ఒకరి నుండి మరొకరికి సోకుతుంది. మెలనోమా కణం సంపాదించిన ఎదిరింపు ఆ రోగితోనే ముగుస్తుంది. అది ఇంటిల్లిపాదికీ పాకేది కాదు. రోగి కంచం, మంచం వేరుచేయవలసిన పనిలేదు.

9. ఉపసంహారం

శానిటోరియం యుగంలో నిరోధకత శరీరానిది. 1948 తరువాత అది క్రిమిదైంది. 1952లో క్యాన్సర్ కణానిదైంది. 2012 నాటికి కణం ఇరుగుపొరుగుది, 2017 నాటికి కణం తాత్కాలిక స్థితిది కూడా అయింది. ఇమ్యూనోథెరపీతో శరీర నిరోధకత మళ్ళీ చికిత్స కేంద్రానికి వచ్చింది. ఆరోగ్యవరం తొలినాళ్ళలో నమ్ముకొన్న శరీరబలమే నూరేళ్ళ తరువాత కొత్తరూపంలో మెలనోమా రోగికి ఆసరా అయింది.

భావన ఇంత మారినా తెలుగులో మాట మారలేదు. శరీర గుణానికి ‘రోగనిరోధకశక్తి’ని ఉంచుకొని, వ్యాధి గుణానికి ‘మందుకు లొంగకపోవడం’ అనే సామాన్యమైన పదబంధాన్ని వాడితే అయోమయం తొలగుతుంది. ‘మీ ఒంటికి మందు అలవాటైంది’ అనడానికి బదులు ‘మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలి పెరిగాయి’ అంటే వాక్యం కొంచెం పెరుగుతుంది, రోగి నెత్తిన ఉన్న నింద దిగుతుంది. శాస్త్రం డెబ్బై ఏళ్ళ క్రితమే రోగిని ఆ నేరం నుండి విముక్తుణ్ణి చేసింది. ఆ తీర్పును తెలుగులోకి చేర్చవలసిన బాధ్యత భాషను వాడేవారిది.